డే కేర్ మాన్పించాం.. డిపాజిట్ తిరిగి ఇవ్వరట!

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. రెండేళ్ల పాపను జూన్ 1న ఇంటి దగ్గరి డే కేర్‌లో చేర్చాం. అడ్మిషన్ ఫీజు 8,000, డిపాజిట్ 15,000, నెలకు 12,000 చొప్పున మూడు నెలల ఫీజు 36,000 ముందే కట్టించుకున్నారు. నెల తిరక్కుండానే పాపను చూసే ఆయా మానేసింది. ఫోన్‌లో చూడొచ్చన్న సీసీ కెమెరా ఒక్కరోజూ పనిచేయలేదు. సాయంత్రం వెళ్లేసరికి పాప తడి డైపర్‌తోనే ఉండేది. రెండుసార్లు వాట్సాప్‌లో చెప్పినా మారలేదు. జులై 10న మాన్పించేశాం. డబ్బు అడిగితే, 'నెల ముందు నోటీసు ఇవ్వలేదు, ఫారంలో నాన్ రిఫండబుల్ అని ఉంది' అంటున్నారు. మా డబ్బు పోయినట్టేనా?

జవాబు: లేదమ్మా, ఫారంలో ఆ మాట రాసి ఉన్నంత మాత్రాన డబ్బంతా వాళ్లదైపోదు. అలాగని 59,000 మొత్తం తిరిగి వస్తుందని కూడా చెప్పలేను. ఏ డబ్బు దేనికోసం కట్టారో విడివిడిగా చూడాలి.

డిపాజిట్ అంటే వాళ్ల దగ్గర మీరు దాచిన సొమ్ము. మీరు బాకీ పడితేనో, ఏదైనా నష్టం చేస్తేనో అంతమేరకే మినహాయించుకోవాలి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత పెద్ద మొత్తం రాసుకున్నా న్యాయంగా దక్కేది సమంజసమైన పరిహారమే. అసలు నష్టమే లేనప్పుడు డిపాజిట్ జప్తు చేసుకోవడం కుదరదని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి ఈ 15,000 విషయంలో మీ వాదన బలమైనది.

ఇక ముందే కట్టిన ఫీజు. ఊరికే మాన్పించి ఉంటే నోటీసు నెల డబ్బు, అంటే ఆగస్టు 10 దాకా, వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. మీకు మిగిలేది సుమారు 8,000. కానీ మీరు మాన్పించింది సేవా లోపం వల్ల. ముందుగా చెప్పారు కూడా. అందుకే జులై 11 నుంచి లెక్కగట్టి దాదాపు 20,000 అడగండి. పసిబిడ్డను తడి బట్టల్లో వదిలేసే చోట ఇంకో నెల ఉంచమని ఏ తల్లినీ ఎవరూ అడగలేరు. అడ్మిషన్ ఫీజు మాత్రం రావడం కష్టం.

ముందు లాయర్ నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందించకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. 'ఆ షరతు అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి' అని అడిగితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది, జిల్లాలో కొట్టేస్తారు. సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే రాయండి. రెండోది, విద్యా సంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఉంది. మీ డే కేర్‌కు ప్లే స్కూల్ బోర్డు కూడా ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. మీరు కట్టింది పాపను చూసుకోవడానికే అని మొదటి పేరాలోనే చెప్పండి. రశీదులో 'డే కేర్ ఫీజు' అని ఉంటే మరీ మంచిది.

వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి, ఆ ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్లు సాక్ష్యంగా చెల్లాలంటే, అవి ఆ ఫోన్‌లోంచి తీసినవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి, అసలు ఫోన్ చూపించమని కమిషన్ మిమ్మల్ని అడగొచ్చు కూడా.

ఇంకొకటి, ఈ మధ్య ఇలాంటివి నా దగ్గరికి వస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను. ఫీజు బాకీ ఉందని సాయంత్రం బిడ్డను అప్పగించకపోతే అది డబ్బు తగాదా కాదు, నేరం. వెంటనే 112కు ఫోన్ చేయండి.

నోటీసు అందగానే చాలామంది రాజీకి వస్తారు. అప్పుడు 'పూర్తి సొమ్ము ముట్టింది' అనే కాగితం మీద, డబ్బు ఖాతాలో పడేదాకా సంతకం పెట్టకండి.