బండి బాగోగులు: జాయింటు క్రాసులు మార్చాక జీపు ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: మాకు నాన్నగారి కాలం నాటి మహీంద్రా జీపు ఉంది. కొండ దిగువన ఉన్న మా జీడితోటకు వెళ్లి రావడానికి ఇప్పటికీ అదే ఆధారం. గేరు వేసినప్పుడల్లా కింద ‘టంగు’మని చప్పుడు వస్తుంటే, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను తిప్పుడును వెనక ఇరుసుకు చేర్చే గొట్టం) జాయింటు క్రాసులు (దాని రెండు చివరలా వంపులో కూడా తిరగనిచ్చే కీళ్లు) అరిగిపోయాయని తెలుసుకొని, బరంపురం నుంచి కొత్తవి తెప్పించి, రెండింటినీ ఇంటి దగ్గర నేనే మార్చాను. ఆ చప్పుడు పోయింది. అయితే వేగం 40 కిలోమీటర్లు దాటగానే సీటు కింద వణుకు, గుయ్యిమనే మోత మొదలవుతున్నాయి, నెమ్మదిస్తే తగ్గిపోతున్నాయి. ఒక మెకానిక్ క్రాసులు నకిలీవన్నారు. మరొకరు క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) పోయిందన్నారు. లేత్ షాపువారు షాఫ్టుకు బ్యాలెన్సింగ్ చేయించమన్నారు. దేనికి డబ్బు పెట్టాలి?
— ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: ఇప్పటికిప్పుడు దేనికీ పెట్టకండి. మీ ఉత్తరంలోని లక్షణాలను బట్టి చూస్తే, షాఫ్టు రెండు ముక్కలనూ తిరిగి కలిపేటప్పుడు ఒకదానికొకటి సరైన వరుసలో పడలేదన్నదే మొదటి అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. జీపు కిందికి దూరి ఒకసారి నిదానంగా చూస్తే చాలు.

వెనక ప్రొపెల్లర్ షాఫ్టు చూడటానికి ఒకే గొట్టంలా ఉన్నా నిజానికి అది రెండు ముక్కలు. ఒక ముక్క చివర పళ్లు చెక్కిన కడ్డీ ఉంటుంది. రెండో ముక్కలోని పళ్ల గొట్టంలోకి అది దూరి ముందుకూ వెనక్కూ జారుతుంది. గుంతలో పడి కమాను కట్టలు వంగినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసుకూ (తిప్పుడును ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) వెనక ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది కనుక ఆ జారుడు తప్పనిసరి. క్రాసులు మార్చేవారు షాఫ్టును బల్ల మీద పెట్టి పని చేసుకోవడానికి వీలుగా ఆ రెండు ముక్కలనూ విడదీస్తారు. తిరిగి కలిపేటప్పుడు ఏ పన్ను దగ్గర పెట్టినా అది లోపలికి దూరుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

జాయింటు క్రాసు ధర్మం ఒకటి తెలిస్తే మిగతాది మీకే బోధపడుతుంది. వంపులో తిరుగుతున్న క్రాసు తనకు అందిన వేగాన్ని ఉన్నదున్నట్టుగా అవతలికి అందించదు. ఒక చుట్టు పూర్తయ్యేలోపు అవతలి వైపును రెండుసార్లు తొందరపెడుతుంది, రెండుసార్లు వెనక్కి లాగుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఆ హెచ్చుతగ్గు ఇటూ అటూ సుమారు ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే ఆరు శాతం దాటుతుంది. అసలు విల్లీస్ జీపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలే. ఆ వంశానికి చెందిన పొట్టి జీపుల్లో వెనక షాఫ్టు కూడా పొట్టిదే కనుక వంపు ఎక్కువగానే పడుతుంది. షాఫ్టుకు రెండు చివరలా రెండు క్రాసులు పెట్టడంలోని ప్రయోజనం ఇదే: మొదటి క్రాసు చేసిన హెచ్చుతగ్గును రెండోది సరిగ్గా ఎదురు చేసి చెరిపేస్తుంది. అయితే షాఫ్టుకు చెందిన రెండు యోకుల (క్రాసును పట్టుకునే పంగల్లాంటి కొసల) చెవులూ ఒకే తలంలో ఉన్నప్పుడే అది జరుగుతుంది. ఒక ముక్క పావు చుట్టు తిరిగి కూర్చుంటే రెండు క్రాసుల హెచ్చుతగ్గులు చెరిగిపోవడానికి బదులు ఒకదానితో ఒకటి కలిసి రెట్టింపవుతాయి. వెనక ఇరుసు నిష్పత్తి 4.88, టైర్లు 6.00-16 అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో ఆ షాఫ్టు సెకనుకు సుమారు 25 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 50 సార్లు అది మీ ఇరుసును కుదుపుతోందన్నమాట. మీకు వినిపిస్తున్న గుయ్యిమనే మోత అదే అయి ఉండాలి.

చూసే పద్ధతి ఇది. ముందు వైపు యోకు చెవులు రెండూ సరిగ్గా ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేలా షాఫ్టును తిప్పి ఆపండి. ఇప్పుడు వెనక వైపు యోకు చూడండి. దాని చెవులు కూడా అలాగే పైకీ కిందికీ ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: చూడవలసింది షాఫ్టుకే చెందిన రెండు యోకులను, ట్రాన్స్‌ఫర్ కేసుకూ పినియన్‌కూ బిగించి ఉన్న యోకులను కాదు. ఓపికగా గ్రీజు తుడిచి చూస్తే, చాలా షాఫ్టుల మీద జారుడు జాయింటుకు ఇటూ అటూ ఎదురెదురుగా రెండు బాణం గుర్తులు కూడా కనిపిస్తాయి. అవి కలవాలి. గుర్తులు అరిగిపోయి ఉంటే సరైన వరుస కుదిరాక మీరే సుత్తీ పంచీతో రెండు చుక్కలు కొట్టి పెట్టుకోండి.

వరుస తప్పిందని తేలితే దిద్దడం గంట పని. పినియన్ వైపు యూ-బోల్టుల నట్లు వదులు చేసి షాఫ్టు చివరను దించగానే, క్రాసు కొసలకు తొడిగి విడిగా కనిపించే రెండు కప్పుల చుట్టూ వెంటనే టేపు చుట్టండి. లేకపోతే కప్పు జారి పడి లోపలి నీడిళ్లు (సూదుల్లాంటి సన్నని బేరింగు కడ్డీలు) మట్టిలో కలుస్తాయి. ఆ తరువాత జారుడు జాయింటు ఊడదీసి, తిప్పి, వరుస చూసుకొని మళ్లీ దూర్చండి.

వరుస సరిగ్గానే ఉంటే అప్పుడు క్రాసుల సంగతి చూడాలి. కప్పును వైస్‌లో నొక్కేటప్పుడు ఒక నీడిల్ అడ్డంగా పడిపోవడం చేతి పనిలో తరచుగా జరిగేదే. అడుగున అది అడ్డుపడితే కప్పు పూర్తిగా లోపలికి వెళ్లదు, సర్‌క్లిప్ (కప్పు జారకుండా పట్టే స్ప్రింగు ఉంగరం) గాడిలో చుట్టూరా కూర్చోదు. సర్‌క్లిప్‌ను స్క్రూడ్రైవర్ మొనతో తట్టి చూడండి. ఏ వైపైనా పైకి లేచి ఉందంటే ఆ కప్పు విప్పక తప్పదు. షాఫ్టు కింద ఉన్నప్పుడు యోకును చేత్తో ఆడించి చూడటం మరో పరీక్ష. రెండు దిక్కులా ఒకే విధమైన చిన్నపాటి బిగువుతో కదలాలి. ఒక దిక్కున పట్టేసినా, మరో దిక్కున వదులుగా వాలిపోయినా అది సరైన బిగింపు కాదు. కొద్దిపాటి పట్టు మాత్రమే ఉంటే యోకు చెవి మీద ఇత్తడి సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేస్తే కప్పు సర్దుకుంటుంది. చివరగా, గ్రీజు గన్‌తో నాలుగు సీళ్ల దగ్గరా గ్రీజు బయటికి కనిపించేవరకు కొట్టండి. మూడింటి దగ్గరే వచ్చి నాలుగో దాని దగ్గర రాలేదంటే ఆ కప్పు ఎండిపోయి, ఎక్కువ కాలం మన్నదు. నకిలీవన్న అనుమానం తీరాలంటే పాత కప్పు వ్యాసాన్నీ కొత్తదాని వ్యాసాన్నీ వెర్నియర్‌తో కొలవండి. యోకు రంధ్రంలో చేత్తోనే దిగిపోయేంత వదులుగా ఉన్న కప్పును వాడకూడదు.

బ్యాలెన్సింగ్ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. షాఫ్టు గొట్టానికి అతికించిన చిన్న ఇనుప ముక్కలు బ్యాలెన్సు కోసమే ఉంటాయి. సుత్తి దెబ్బలకు అవి ఊడాయా, గొట్టం సొట్టపోయిందా అన్నది చూడండి. ఎండి గట్టిపడిన ఎర్రమట్టి ఒక వైపునే అంటుకొని ఉన్నా వణుకు వస్తుంది. ముందు దాన్ని గీకేయండి. కమాను కట్టల్లో ఈ మధ్య అదనపు పట్టీ వేయించి ఉంటే ఇరుసు ఎత్తు మారి క్రాసుల వంపు పెరుగుతుంది. రెండు చివరల వంపులూ సమానంగా లేకపోతే వరుస ఎంత సరిగా ఉన్నా హెచ్చుతగ్గులు పూర్తిగా చెరగవు. క్రౌన్ పినియన్ సంగతికి వస్తే, అది అరిగినప్పుడు వచ్చే ఊళ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు మరో రకంగా మారుతుంది. పైగా మీరు చెయ్యి పెట్టినది షాఫ్టు మీద. ఇరుసుకు సరిగ్గా అదే రోజు జబ్బు చేసిందని నమ్మి దాన్ని విప్పించడం న్యాయం కాదు.

ఇప్పుడు ఇంకా ముఖ్యమైన మాట. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు కనుక విడిగా రాస్తున్నాను. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఒక డ్రమ్ము ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు దాన్ని పట్టుకుంటుంది, ఆ పట్టు షాఫ్టు ద్వారానే వెనక చక్రాలకు చేరుతుంది. షాఫ్టు విప్పిన క్షణం నుంచి హ్యాండ్‌బ్రేకు ఎంత లాగి ఉన్నా, ఇంజను గేరులో ఉన్నా, వెనక చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. కింద పడుకొని పని చేస్తున్న మనిషి మీదికి బండి దొర్లడానికి కంటికి ఆనని వాలు చాలు. షాఫ్టు బిగించి ఉన్నప్పుడు కూడా ఒక వెనక చక్రాన్ని జాకీతో పైకెత్తితే ప్రమాదమే. గాలిలో ఉన్న చక్రం డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ద్వారా స్వేచ్ఛగా వెనక్కి తిరగగలదు కనుక నేల మీది చక్రం దొర్లిపోతుంది, జాకీ పక్కకు ఒరుగుతుంది. అందువల్ల నట్టు మీద పానా పెట్టకముందే రెండు చక్రాలకు ముందూ వెనకా మందపాటి కర్ర దిమ్మలు అడ్డం పెట్టండి. గుండ్రటి రాళ్లు పెట్టకండి. మీరు ఇంటి దగ్గర పని చేసుకోవడాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఇలాంటి బండ్లను ఎరిగిన చేతులు ఏటా తగ్గిపోతున్నాయి. యజమానే నేర్చుకోకపోతే మంచి జీపులు పాత ఇనుముకు పోతాయి. ఆ పని ప్రాణం మీదికి రాకూడదన్నదే నా ఆరాటం.

ప్రశ్న: వానల్లో ఘాటు రోడ్డెక్కేటప్పుడు పట్టు కోసం నా పాత జీపును ఫోర్ వీల్‌లో నడిపాను. ఊరికి చేరాక లీవరు వెనక్కి రాలేదు. కొట్టి లాగవచ్చా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: కొట్టవద్దు. లోపలి ఫోర్కు (గేరును జరిపే పంగ) వంగితే ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం విప్పవలసి వస్తుంది. మీ జీపులో ముందు షాఫ్టుకూ వెనక షాఫ్టుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేయగానే రెండూ ఒకే వేగంతో తిరిగేలా బంధింపబడతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద, అందులోనూ మలుపుల ఘాటులో, జారే వీలు లేక ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది. గేర్ల పళ్లు ఒకదాన్నొకటి బిగదీసుకొని ఉన్నప్పుడు లీవరు రాదు.

మెలి విప్పే మార్గం సులువు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, కొన్ని అడుగులు నెమ్మదిగా వెనక్కి నడపండి. వీలైతే ఒక వైపు చక్రాలను రోడ్డు పక్క మట్టిలోకి దించండి. బిగువు సడలిన క్షణంలో లీవరు చేతి బలానికే వస్తుంది. రెండు లీవర్ల జీపైతే ఒక సంగతి గుర్తుంచుకోండి: లో గేరులో ఉన్నంతసేపు ముందు ఇరుసు లీవరు రాకుండా లోపలే అడ్డు ఉంటుంది. మొదట హైలోకి మార్చి, తరువాత ముందు ఇరుసును విడదీయాలి. తిన్నటి రోడ్డులోనూ ఇదే ఇబ్బంది వస్తుంటే టైర్లు కొలవండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉండి చుట్టుకొలతలో ఒక శాతం తేడా ఉన్నా, ప్రతి కిలోమీటరుకూ 10 మీటర్ల తేడా ఆ షాఫ్టుల మీదే పడుతుంది. తడిసిన తారు రోడ్డు అయినా తారు రోడ్డే. ఫోర్ వీల్‌ను మట్టికీ ఇసుకకూ ఉంచి, ఘాటులో వేగం తగ్గించి రెండు చక్రాల మీదే నడపండి.

ప్రశ్న: వంశధార ఇసుకలో దిగి నీళ్లు దాటి వస్తుంటాను. వెనక ఇరుసు డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. సీళ్లు మార్చాలా?
— ఒక పాఠకుడు, కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: ఆయిలులో నీళ్లు కలిశాయి. చాలా దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సీళ్ల అంచుల నుంచీ, పైనున్న బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచీ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కనుక సీళ్లు మార్చే ముందు బ్రీదర్ చూడండి. అది మట్టితో మూసుకుపోయి ఉంటే, కొత్త సీళ్లు వేసినా నీళ్లు వాటి గుండానే లోపలికి వస్తాయి. దాన్ని కిరోసిన్‌లో కడిగి, వీలైతే ఒక రబ్బరు గొట్టం తగిలించి గొట్టం చివరను బాడీ ఎత్తుకు కట్టండి. పాత ఆయిలు పూర్తిగా దించి, హైపాయిడ్ క్రౌన్ పినియన్‌కు తగిన జీఎల్-5 రకం 90 గ్రేడు ఆయిలు పోసి, కొద్ది దూరం నడిపి మళ్లీ రంగు చూడండి. ఇంకా తెల్లగా ఉంటే దాన్నీ దించేసి కొత్తది పోయాలి. నీళ్లున్న ఆయిలుతో బండిని నిలిపి ఉంచితే బేరింగులు తుప్పు పడతాయి కనుక ఈ పని వాయిదా వేయకండి. నది దాటే ముందు ఒడ్డున కాసేపు ఆగి ఇరుసు చల్లారనిస్తే లోపలికి వెళ్లే నీరు చాలావరకు తగ్గుతుంది.