పరిచర్యకు వెళ్లే ముందు ఇంటి లెక్క

ప్రశ్న: నా వయసు 41. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నా భార్య టీచరు, పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. పూర్తికాల పరిచర్యకు (చర్చి సేవకు) దేవుడు పిలుస్తున్నాడని మూడేళ్లుగా గట్టిగా అనిపిస్తోంది. ఇంటి లోను ఇంకా 9 ఏళ్లుంది. రిటైర్మెంట్ డబ్బు తీసేసి కొంత లోనుకు కట్టి, మిగిలింది మందిర నిర్మాణానికి ఇవ్వాలని ఉంది. ఈ ఏడాదే రాజీనామా చేయవచ్చా?

జవాబు: పిలుపు నిజమో కాదో నేను చెప్పేది కాదు. అది మీరూ, మీ భార్యా, మిమ్మల్ని దగ్గరగా ఎరిగిన సంఘ పెద్దలూ ప్రార్థనలో తేల్చుకోవాల్సిన సంగతి. నేను చూసేది ఒక్కటే: మీరు దేవునికి లోబడినందుకు అయ్యే ఖర్చు, అడగకుండానే ఇంకొకరి నెత్తిన పడుతోందా? మీ ఆలోచనలో పడుతోంది. అందుకే ఈ ఏడాది వద్దంటున్నాను. పరిచర్యే వద్దని కాదు.

కొన్నేళ్ల క్రితం ఒక పాస్టరుగారి భార్య నా దగ్గరికి వచ్చారు, చేతిలో ఒక నోటుబుక్కుతో. ముందు పేజీల్లో ఆదివారం కానుకల లెక్క, ఆయన చేతిరాతలో, పొందికగా ఉంది. వెనక నుంచి తిప్పితే ఆవిడ చేతిరాత: పిల్లల ఫీజులకు ఎవరి దగ్గర ఎంత చేబదులు తెచ్చారో, ఎంత తీర్చారో. ఆ వెనక పేజీలు ఉన్నట్టే ఆయనకు తెలియదు. "దేవుడే చూసుకుంటాడంటారండీ, నేనెలా కాదనను?" అన్నారావిడ. మీ ఇంట్లో అలాంటి వెనక పేజీలు పుట్టకూడదన్నదే నా తాపత్రయం.

కాబట్టి రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోకండి. అందులో మీ భార్య వృద్ధాప్యం కూడా ఉంది. మందిరానికి ఇవ్వాలనుకుంటే నెలనెలా మీ రాబడిలోంచి ఇవ్వండి.

ఇప్పుడు అసలు పని. మీరు చేరబోయే సంఘం నెలకు ఎంత ఇవ్వగలదో పెద్దలను అడగండి. మొహమాటం అక్కర్లేదు, సువార్త ప్రకటించేవారు సువార్త వల్లే జీవించాలని అపొస్తలుడు పౌలే కొరింథు సంఘానికి రాశాడు. అంత మొత్తం మీ జీతంలోంచి పక్కకు తీసి, అదీ మీ భార్య జీతమూ, ఈ రెండింటితోనే వచ్చే నెల నుంచి పన్నెండు నెలలు ఇల్లు నడపండి. ఉద్యోగం మానకండి. మీ మిగతా జీతంలోంచి ముందు ఈఎంఐ పోనిచ్చి, మిగిలినదాంతో ఒక ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా నిధి కూడబెట్టండి. అది నిండాక లోను అసలు మొత్తాన్ని తగ్గించండి. ఏడాది ఎందుకంటే ఫీజుల నెల, జబ్బుల నెల, శుభకార్యాల నెల అన్నీ అందులో వచ్చిపోతాయి. మూడు నెలలు ఎవరైనా ఓర్చుకుంటారు. పదో నెలలో ఇంట్లో ముఖాలు ఎలా ఉన్నాయో చూడాలి.

పౌలు చేసిందీ దాదాపు ఇదే. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుడుతూ విశ్రాంతి దినాల్లో బోధించాడు. మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చాకే పూర్తిగా వాక్యం మీద పడ్డాడు. అక్కడి సహోదరులు తన అక్కర తీర్చారని తర్వాత ఆయనే రాశాడు. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ కూడా 1793లో బెంగాల్ వచ్చి, కొన్నేళ్లు నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరుగా పనిచేస్తూనే సేవ చేశాడు. జీతం లేకుండా విశ్వాసంతో బతికినందుకు, ఇంగ్లండ్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్‌ పేరు చాలామంది చెబుతారు. ఆయన అప్పు చేసేవాడు కాదు, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసేవాడు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇన్సూరెన్స్ పని రాజీనామాకు ముందే ముగించండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీలో పాత జబ్బులకు కొంతకాలం ఆగితేగానీ కవరేజీ రాదు గనుక ఇప్పుడే మొదలుపెడితే మేలు. టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా జీతం ఉండగానే తీసుకోండి, ఆదాయం చూసే కవరేజీ ఇస్తారు.

సేవలోకి దిగిన రోజు నుంచి సంఘం డబ్బు, ఇంటి డబ్బు వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. సంఘం ఖాతాలో సంతకం మీ ఒక్కరిదే కాకూడదు.

ఈ వారం మీ భార్య చేతికి ఒక కాగితం ఇవ్వండి. నెలకు ఎంత ఉంటే తనకు భయం లేకుండా నిద్రపడుతుందో తననే రాయమనండి. ఆవిడ రాసిన అంకెకూ సంఘం చెప్పిన అంకెకూ తేడా ఎంతో నాకు రాయండి. మీ రాజీనామా తేదీ ఆ తేడాను బట్టి వేద్దాం.