నిమిషాల లెక్కన టారో

ప్రశ్న: అమ్మా, నాకు ముప్పై ఏళ్లు. మాది ఒంగోలు. మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను. ఆఫీసులో హైదరాబాద్ బ్రాంచికి మారతావా అంటున్నారు. ఇంట్లోనేమో సంబంధాలు చూస్తున్నారు. ఏదీ తేల్చుకోలేక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా రూమ్మేట్ ఫోన్లో టారో, అంటే బొమ్మల కార్డులు తీసి చెప్పే జోస్యం, చెప్పించుకుంటుంది. అన్నీ అచ్చు గుద్దినట్టు చెప్పారంటుంది. నేనూ ట్రై చేద్దామనుకుంటున్నాను. ఫోన్లో కార్డులు వేస్తే పనిచేస్తాయా? ఎలాంటి సర్వీసు చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పేర్లు చెప్పను గానీ, నీ ఉత్తరం చూశాక నేనే రీఛార్జ్ చేసుకుని కొన్ని సర్వీసులకు ఫోన్ చేశాను. బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి నా కన్ను ముందు డబ్బు ఎటు పోతోందన్న దాని మీదే ఉంటుంది. ఏమీ అనుకోకు.

నేను అడిగింది చిన్న విషయం. బసవనగుడిలో మా ఇంటి పైవాటా ఖాళీగా ఉంది. అద్దెకిచ్చేయాలా, అబ్బాయి తిరిగొస్తాడని ఉంచాలా? మొదట ఒక యాప్. తొలి ఐదు నిమిషాలు ఉచితం అన్నారు. పేరు, పుట్టిన తేదీ, ఊరు, పిల్లలెందరు, వారేం చేస్తారు అని అడగడంతోనే ఆ ఐదూ అయిపోయాయి. మొదటి కార్డు తీసేసరికి ఆటో మీటరులా నిమిషానికి పాతిక రూపాయలు తిరగడం మొదలైంది. వాలెట్‌లో వేసిన డబ్బు మీద జీఎస్టీ అప్పటికే కట్టేశాను.

వచ్చిన కార్డు ‘టవర్’ అట. పిడుగుపడి బురుజు కూలుతున్న బొమ్మ, పదహారో నంబరుది. ‘ఇంటి విషయంలో పెద్ద మార్పు కనిపిస్తోంది మేడమ్’ అంది ఆ అమ్మాయి. ఇంటి గురించి అడిగినదానికి ఇంట్లో మార్పు ఉందని చెప్పడానికి కార్డు దేనికి? అప్పటి నుంచి నేను ‘ఊ’ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. దాంతో కథ దారి మార్చుకుంది. ముందు అబ్బాయి వస్తాడంది, తర్వాత రాకపోవచ్చంది, చివరికి ఎవరిదో దృష్టి తగిలిందంది. దానికో రక్ష ఉందట, 2,100 రూపాయలట. ఫోన్ పెట్టేశాను.

నువ్వూ ఈ పరీక్ష పెట్టి చూడు. సోది చెప్పే ఎరుకలసాని కనీసం ఎదురుగా కూర్చుని మన మొహం చూసేది. ఫోన్లో వాళ్లకు దొరికేది మన గొంతొక్కటే. మనం ‘అవునండీ, అవును’ అన్నప్పుడల్లా తర్వాతి వాక్యం మనమే అందిస్తాం. మీ రూమ్మేట్ ‘అచ్చు గుద్దినట్టు’ సంగతి కూడా చాలావరకు ఇదే. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఇది మీ ఒక్కరి కోసం రాసిందని నమ్మించి, అందరికీ ఒకే వర్ణన పంచాడు. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు.

కార్డుల సంగతికొస్తే, ఇవి 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటకు పుట్టినవి. జోస్యానికి బాగా వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దం చివర, ఫ్రాన్స్‌లో. మొత్తం 78. అందులో 56 దాదాపు మన పేకే, ఒక్కో రంగుకీ ఒక బొమ్మ ముక్క ఎక్కువ. మిగతా 22 టవర్ లాంటి పెద్ద కార్డులు. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి, గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ. కార్డు తీసేది అవతలి మనిషి కాబట్టి ఫోన్లో నీకు వినిపించేది చప్పుడే. ఆ చప్పుడు ముక్కలదో ఫ్యానుదో చెప్పలేం.

అన్నీ ఆ యాప్‌లాగే ఉన్నాయనను. ఇందిరానగర్‌లో సొంతంగా చెప్పే ఒకావిడ అరగంటకి ఇంత అని ముందే చెప్పి, తీసిన మూడు కార్డులూ వాట్సాప్‌లో ఫొటో పంపింది. పుట్టిన తేదీ అడగలేదు, టారోకి దాంతో పనిలేదు కూడా. అందులో ఒకటి నాలుగు నాణేల కార్డు. కిరీటం పెట్టుకున్న ఒకాయన నెత్తిన ఒక నాణెం, గుండెకి హత్తుకుని ఒకటి, పాదాల కింద రెండు పెట్టుకుని బిగుసుకుని కూర్చుంటాడు. ‘మీరు పట్టుకుని కూర్చున్నది ఇంటినా, అబ్బాయినా?’ అంది. మా ఆయన ఇన్నేళ్లలో అడగని ప్రశ్న. పైవాటాకి టు-లెట్ బోర్డు పెట్టేశాను. అది భవిష్యత్తు చెప్పిందని నేను నమ్మను, కానీ ఇచ్చిన డబ్బుకి కాసేపు తిన్నగా ఆలోచించాను.

ట్రై చేసేదైతే అలాంటి వాళ్లనే చూసుకో: ముందే తేల్చిన రేటు, తేల్చిన సమయం, కార్డుల ఫొటో. పూజ, రక్ష, పరిహారం అన్న మాట రాగానే పెట్టేయ్. డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటోపే ఒప్పుకోకు. ‘పెళ్లెప్పుడు’ అని అడిగితే తారీఖు చెబుతారు, అది నీకెందుకూ పనికిరాదు. ‘హైదరాబాద్ వెళ్తే నేను దేన్ని వదులుకుంటాను’ అని అడుగు. అసలు ఈ ప్రశ్న మీ నాన్నగారిని అడిగినా మంచి జవాబే రావచ్చు, పైసా ఖర్చు లేకుండా.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. నిద్రపట్టని రాత్రి ఆ యాప్ తెరవకు, మీటరు బాగా తిరిగేది అప్పుడే. ఆ వేళ 14416కి చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. ఏ వేళైనా పలుకుతుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. మన హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ దానికి ప్రధాన కేంద్రం.

ప్రశ్న: మా ఆవిడ ఫోన్ టారో ఆవిడకి ‘పరిహారం’ కోసం మొన్న 11,000 యూపీఐలో పంపింది. ఇప్పుడు ఆ నంబరు ఎత్తడం లేదు. డబ్బు వస్తుందా?
– బీటీఎం లేఅవుట్ పాఠకుడు

జవాబు: ఇది చదివేదాకా ఆగకుండా ఇప్పటికే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి ఉంటారని ఆశిస్తున్నాను. లేకపోతే వెంటనే చేయండి. బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఆ ఖాతాలో ఇంకా మిగిలి ఉంటేనే ఆపగలరు, రోజులు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. యూపీఐ లావాదేవీ నంబరు, వాట్సాప్ మాటలు చెరపకండి. యాప్ వాలెట్‌లో మిగిలిన డబ్బు ఇవ్వనంటే అది వేరే ఫిర్యాదు, దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రేపు ఇంకెవరో ఫోన్ చేసి ‘కొంచెం ఫీజు కడితే మీ పదకొండు వేలూ తిరిగి ఇప్పిస్తాం’ అంటారు. వాళ్లకి రూపాయి కూడా పంపకండి. ఆవిడ్ని తిట్టడం కూడా ఇప్పుడే వద్దు. ఆ చాట్ అంతా ఉన్నది ఆవిడ ఫోన్లోనే కదా!