రిమోట్ ఆపితే బండి ఆగుతుందా?

ప్రశ్న: 1/5 స్కేల్ (అసలు బండిలో ఐదో వంతు సైజు) పెట్రోల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బగ్గీ కొన్నాను, 26 సీసీ ఇంజిన్. మొన్న ఒకసారి రిమోట్ మాట వినకుండా దూసుకెళ్లి గోడకు గుద్దుకుని ఆగింది. ముందు బంపర్ తప్ప ఏమీ పోలేదు. ఇప్పుడు స్పీడు పెంచుదామనుకుంటున్నాను. ట్యూన్డ్ పైపు (పవర్ పెంచే పొగ గొట్టం) వేయించనా, ఇంజినే 30 సీసీకి మార్చనా?

జవాబు: ఇప్పుడప్పుడే రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తున్నాయి. బండి చేయి దాటిపోయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా ఉత్తరమంతా స్పీడు గురించే రాస్తారు. ఈ సైజు బండి పది కిలోల పైనే ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అక్కడ గోడ ఉంది కాబట్టి సరిపోయింది. గోడ బదులు ఓ పిల్లాడు ఉంటే?

బ్యాటరీతో నడిచే ఆర్‌సీ కారుకు, దీనికి ఉన్న అసలు తేడా చాలామందికి తట్టడం లేదు. అందులో బ్యాటరీ అయిపోతే మోటారు కూడా ఆగుతుంది. పెట్రోల్ ఇంజిన్ అలా కాదు. స్పార్క్‌కు కావలసిన కరెంటును ఫ్లైవీల్‌లోని అయస్కాంతంతో అదే పుట్టించుకుంటుంది. బండిలోని చిన్న బ్యాటరీ నడిపేది రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌ను, స్టీరింగ్, థ్రాటిల్, బ్రేకులను కదిపే చిన్న మోటార్లయిన సర్వోలను మాత్రమే. అది డిశ్చార్జ్ అయినా, ఇంజిన్ వైబ్రేషన్‌కు దాని కనెక్టర్ ఊడినా సర్వోలు ఎక్కడివక్కడ చచ్చుబడతాయి. థ్రాటిల్ ఆ క్షణంలో ఎంత తెరుచుకుని ఉంటే అంతలోనే ఉండిపోవచ్చు. ట్యాంకులో పెట్రోల్ ఉన్నంతసేపూ బండి పోతూనే ఉంటుంది.

‘ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే సర్వోను ముందే పెట్టుకున్న పొజిషన్‌కు తిప్పే ఏర్పాటు) ఉందిగా’ అంటారు. ఉంది. కానీ అది పనిచేసేది సిగ్నల్ పోయినప్పుడే. సర్వోను బ్రేకు వైపు తిప్పడానికి దానికీ కరెంటు కావాలి. పైగా కొన్ని రిసీవర్లలో కంపెనీ సెట్టింగే ‘చివరి పొజిషన్‌లో ఉంచు’ అని ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో సిగ్నల్ పోతే ఫుల్ థ్రాటిల్‌లోనే ఉంచుతుందన్నమాట! ఇంత బరువున్న, ఇంత వేగంగా పోయే వస్తువుకు ఆ సెట్టింగ్ పెట్టి అమ్మడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా, రిసీవర్‌ను రిమోట్‌తో మళ్లీ బైండ్ చేసినా (జత కలిపినా) మీరు పెట్టుకున్న ఫెయిల్‌సేఫ్ చెరిగిపోయే రిమోట్లూ ఉన్నాయి. ఆ మాట తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించాల్సింది పోయి మాన్యువల్‌లో ఎక్కడో మూలన రాస్తారు. రంగుల స్క్రీను, ఫోన్ యాప్ మాత్రం అడక్కుండానే ఇస్తారు. అవి లేకపోయినా ఎవరికీ దెబ్బ తగలదు.

మీరు ముందు కొనాల్సింది కిల్ స్విచ్. ఇగ్నిషన్ కాయిల్ వైరును గ్రౌండ్ చేసి స్పార్క్‌ను ఆపేసే చిన్న సర్క్యూట్ అది. రిమోట్‌లో మూడో ఛానెల్‌కు (స్టీరింగ్, థ్రాటిల్ కాక ఉండే అదనపు కంట్రోల్‌కు) కలిపితే బటన్ నొక్కగానే ఇంజిన్ ఆగుతుంది. సిగ్నల్ పోయినప్పుడే కాకుండా, రిసీవర్ బ్యాటరీ పూర్తిగా తెగిపోయినా ఇంజిన్‌ను ఆపే రకమేనా అని అడిగి మరీ తీసుకోండి. కార్బురేటర్ మీద థ్రాటిల్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ కూడా చూడండి. కరెంటు లేని సర్వో గేర్ల బిగువును లాగి మూయగలిగేంత బలం దానికుండాలి. థ్రాటిల్ మూసుకుని ఇంజిన్ ఐడిల్‌కు వస్తే క్లచ్ వదిలేస్తుంది, చక్రాలకు పవర్ అందదు.

బిగించాక ఇలా పరీక్షించండి. చక్రాలు నేలకు తగలకుండా బండిని స్టాండు మీద గట్టిగా నిలపండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రిమోట్ ఆపేయండి. ఇంజిన్ ఆగిపోవాలి. మళ్లీ స్టార్ట్ చేసి, ఈసారి రిసీవర్ బ్యాటరీ స్విచ్ ఆపండి. అప్పుడూ ఆగాలి. వేళ్లు టైర్లకు దూరంగా, ఇంజిన్ మీది స్టాప్ బటన్‌కు దగ్గరగా ఉండాలి. ఈ రెండు పరీక్షల్లో ఏది తప్పినా ఆరోజు బండి బయటికి తీయొద్దు. ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు, నడిపే ప్రతిరోజూ చేయాలి. మామూలుగా వాడేటప్పుడు ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాత రిసీవర్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు ఇంజిన్, తర్వాత రిసీవర్, చివరికి రిమోట్.

ఆ తర్వాత డబ్బు మిగిలితే మంచి రిసీవర్ బ్యాటరీకి, మెటల్ గేర్ల స్టీరింగ్ సర్వోకు పెట్టండి. బండితో వచ్చే సర్వో ఇంత పెద్ద టైర్లను తిప్పలేక అవస్థ పడటం మామూలే. 6 వోల్టుల సర్వోకు రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నేరుగా కలపకండి. ఫుల్ చార్జ్‌లో అది 8.4 వోల్టులిస్తుంది, సర్వో కాలిపోతుంది.

ప్రశ్న: ట్యూన్డ్ పైపు వేశాక రెండు ట్యాంకులు అదిరిపోయేలా నడిచింది. తర్వాత పిస్టన్ పట్టేసింది. పైపు నకిలీదా?

జవాబు: పైపును అనుమానించే ముందు హెచ్ నీడిల్ (ఎక్కువ స్పీడులో అందే పెట్రోల్‌ను సరిచేసే కార్బురేటర్ స్క్రూ) సంగతి చూడండి. దాన్ని సరిచేయకుండా నడిపి ఉంటారు. పైపు మారితే ఇంజిన్ గాలి పీల్చే తీరు మారుతుంది. పాత సెట్టింగ్‌లో ఉంచితే చాలాసార్లు మిశ్రమం పలచనవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు. పలచనైతే వేడెక్కుతుంది, సిలిండర్‌కు ఆయిల్ కూడా తక్కువ అందుతుంది. పట్టేసే ముందు ఇలాంటి ఇంజిన్ బాగా పరుగెత్తుతుంది, అదే మోసం. కొత్త పైపు వేసినప్పుడు నీడిల్ కాస్త ఎక్కువ తెరిచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా మూయాలి. ప్లగ్ తీసి చూస్తే లేత గోధుమరంగు ఉండాలి. తెల్లగా ఉంటే వెంటనే ఆపండి. టూ స్ట్రోక్ ఆయిల్ 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, కొలిచి పోయండి. చాలామంది కంటికొలతతో పోస్తారు. ఫిల్టర్ ఫోమ్‌కు ఆయిల్ పట్టించకుండా దుమ్ములో నడిపినా సిలిండర్ గీతలు పడుతుంది.

ప్రశ్న: మొదటిసారి కొంటున్నాను. టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా?

జవాబు: వదులు మట్టి, గడ్డి, ఎత్తుపల్లాలైతే ఫోర్ వీల్. టూ వీల్‌లో పార్టులు తక్కువ, రిపేరు తేలిక, కానీ వెనక భాగం జారుతుంది కాబట్టి చేయి కుదరాలి. సీసీ చూసి కొనకండి. డిఫరెన్షియల్ గేర్లు, సస్పెన్షన్ ఆర్ములు, క్లచ్ షూలు విడిగా దొరుకుతాయా అన్నది చూడండి, విరిగేవి అవే. ప్లాస్టిక్ ఆర్ములన్నీ అల్యూమినియంవి చేయించాలనే సరదా కూడా వద్దు. వంగి తట్టుకునే ఆర్ము పోతే దెబ్బ నేరుగా ఛాసిస్ మీద పడుతుంది.

ప్రశ్న: మూడు నెలలు పక్కన పెట్టాను. తాడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు.

జవాబు: ట్యాంకులో పెట్రోల్ అలాగే వదిలేసి ఉంటారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నిలవుంటే కార్బురేటర్‌లోని డయాఫ్రమ్ (పెట్రోల్‌ను లోపలికి లాగే పలచటి పొర) గట్టిపడుతుంది, ఫ్యూయల్ పైపులూ పాడవుతాయి. పాత పెట్రోల్ పారబోసి, డయాఫ్రమ్ కిట్, పైపులు మార్చండి. ఇకమీదట పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఐడిల్‌లో నడిపి ఆపండి.