‘నాన్ జీఎంఓ’ అని రాసి ఉంటేనే పిల్లాడికి పెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నాగోల్. మా బాబుకి ఏడేళ్లు. రెండు నెలలుగా ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోతున్నాయి. జన్యుమార్పిడి తిండి వల్లే ఇలా అవుతోందని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారు. అప్పటి నుంచి వంకాయ, బొప్పాయి, స్వీట్‌కార్న్, మీల్‌మేకర్ మానేశాం. ఉప్పుతో సహా ‘నాన్ జీఎంఓ’ (జన్యుమార్పిడి లేనిది) అని ఉన్నవే కొంటున్నాం. ఖర్చు పెరిగింది కానీ దద్దుర్లు తగ్గలేదు. అసలు ఈ లేబుళ్లను నమ్మవచ్చా?

జవాబు: అమ్మా, ముందు దద్దుర్ల సంగతి చూద్దాం. తిండి పడక వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపే కనిపిస్తాయి. మీ బాబుకి రెండు నెలలుగా వస్తున్నాయంటున్నారు. ఆరు వారాలు దాటి వచ్చి పోయే దద్దుర్లకు తిండి కారణం కావడం చాలా అరుదు. చాలాసార్లు కారణమే దొరకదు, వాటంతట అవే తగ్గిపోతాయి. అంతవరకు దురద తగ్గించే మందులు ఉన్నాయి. కాబట్టి ఎదిగే పిల్లాడి కంచంలోంచి ఇన్ని తీసేయకండి. ఏదైనా తిన్న రెండు గంటల్లో దద్దుర్లు వచ్చినట్టు గుర్తుంటే ఆ ఒక్కటే ఆపి డాక్టరుకు చెప్పండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక వంకాయ. పురుగును తట్టుకునేలా బాక్టీరియా జన్యువు చొప్పించిన బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక, 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాని సాగుకు అనుమతి ఇవ్వకుండా నిలిపివేశారు. సరూర్‌నగర్ రైతుబజారులో మీరు కొనే గుత్తివంకాయకు ఆ భయం అక్కర్లేదు. ఎర్రగా, పెద్దగా ఉండే బొప్పాయి, తియ్యటి మొక్కజొన్న హైబ్రిడ్‌లు. ఒక రకం పుప్పొడిని మరో రకం పువ్వుకు అందించి తీసేది హైబ్రిడ్. వేరే జీవి జన్యువును ల్యాబ్‌లో చొప్పిస్తే అది జన్యుమార్పిడి. మా ఓపీకి వచ్చే తల్లుల్లో చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

మీరు కొన్న ఉప్పు గురించి కూడా చెప్పాలి. ఉప్పు ఖనిజం, దానికి జన్యువులే ఉండవు. దాని మీద ‘నాన్ జీఎంఓ’ అన్న ముద్ర ఉన్నా లేకున్నా లోపలిది అదే ఉప్పు. ఆ మాట కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

అయినా మీ అనుమానంలో న్యాయముంది. జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్యాకెట్ ముందు భాగంలో, పైన ‘జీఎం’ (జన్యుమార్పిడి) అని ఉండాలన్న నిబంధన 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్లలో నేను ఏ దుకాణంలోనూ ఆ రెండక్షరాలు చూడలేదు. 2021లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన ముసాయిదా, ఏదైనా పదార్థంలో 1 శాతం, ఆపైన జీఎం ఉంటే రాయాలంది. చెప్పాల్సినది చెప్పకపోతే జనం వాట్సాప్‌నే నమ్ముతారు. తినేవాళ్లకు తెలుసుకునే హక్కు ఉంది. ఈ విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే.

జీఎం నిజంగా మన ఇంట్లోకి వచ్చే దారి నూనె. మనదేశంలో 2002లో అనుమతించిన బీటీ పత్తి, ఇప్పుడు ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాకా చేలల్లో ఉన్నది. ఆ గింజల నూనె వంటనూనెల్లో, నమ్‌కీన్‌లలో కలుస్తుంది. మిక్చర్ ప్యాకెట్ తిప్పి చూడండి, చిన్న అక్షరాల్లో పత్తిగింజల నూనె పేరు కనబడొచ్చు. దిగుమతి సోయా నూనె కూడా చాలావరకు జీఎం గింజలదే. కంగారు పడకండి. అలర్జీకి కారణమయ్యేవి ప్రొటీన్లు, బాగా రిఫైన్ చేసిన నూనెలో అవి దాదాపు మిగలవు. మార్కెట్లో ఉన్న జీఎం ఆహారాల వల్ల మనుషుల ఆరోగ్యానికి హాని కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. బాబు విషయంలో నాకు ఆ నూనె కంటే ఆ ప్యాకెట్‌లోని ఉప్పే ఎక్కువ టెన్షన్.

జీఎం వద్దనుకుంటే అది మీ ఇష్టం. అప్పుడు ‘జైవిక్ భారత్’ వంటి సేంద్రియ ధ్రువీకరణ గుర్తు చూడండి. సేంద్రియ ధ్రువీకరణ నిబంధనలు జీఎం విత్తనాన్ని ఒప్పుకోవు.

బాబుకైతే చదవాల్సింది వెనుకవైపు అలర్జీ వివరాలున్న లైను. పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, చేప, సోయా వంటివి ఉంటే చెప్పడం తప్పనిసరి. రెండు వారాల పాటు దద్దుర్లు వచ్చిన ప్రతిసారీ టైము, అంతకుముందు తిన్నది, వేసిన మందు, జ్వరం, జలుబు ఏవైనా ఉంటే అవీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. తిన్న ప్యాకెట్ వెనుకవైపు ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పుస్తకం, ఫోన్ తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.