నా ఓటు అయ్యలసోమయాజుల లలితకి, ఇంకో సగం వాళ్ళ నాన్నగారికి

ఇంటర్ ఎంపీసీ చదివే కూతురికి చూపించడానికి, మేరీ క్యూరీ, కల్పనా చావ్లా కాకుండా సైన్స్‌లో స్ఫూర్తినిచ్చే ఆడవాళ్ళ పేర్లు చెప్పమని ఒక తండ్రి అడిగారు.

మద్రాసులో పుట్టిన తెలుగావిడ ఉండగా అంత దూరం ఎందుకండీ? అయ్యలసోమయాజుల లలిత, 1919లో పుట్టారు. 15 ఏళ్ళకు పెళ్ళయింది. 18 ఏళ్ళకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లను ఏ మూల కూర్చోబెట్టేవారో మీ అమ్మమ్మగారిని అడగండి. ఆవిడ నాన్న పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ప్రిన్సిపాల్‌ని ఒప్పించి కూతురిని అక్కడే చేర్చారు. 1943లో ఆవిడకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ వచ్చింది. పట్టా మీద ఇంగ్లీషులో 'హీ' అని ముందే అచ్చయి ఉంటే, కొట్టేసి 'షీ' అని రాసిచ్చారట. ఇంజనీరింగ్ సైన్స్ ఎలా అవుతుందని వాదించేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో నాకు ఓపిక లేదు.

ఇక నా సంగతి. ఇరవై ఏళ్ళ కిందట చెన్నై శివార్లలో ఒక కాలేజీలో నేనూ ఎలక్ట్రికలే చదివాను. మెషీన్స్ ల్యాబ్‌లో బ్యాచ్‌కి ఆరుగురం, అందులో ఇద్దరం అమ్మాయిలం. కనెక్షన్లన్నీ అబ్బాయిలవి. "మీరు రీడింగ్స్ రాసుకోండమ్మా, మీ చేతిరాత బాగుంటుంది" అనేవారు మా సార్. నిజమే, బాగుండేది. అలా ఏడాది గడిచింది, నేను ఒక్క వైరు ముట్టుకోలేదు.

ఒకరోజు సాయంత్రం అబ్బాయిలు ఏదో క్రికెట్ మ్యాచ్‌కి ఎగ్గొట్టారు. ల్యాబ్‌లో మేమిద్దరం, టెక్నీషియన్ అక్క. ఆవిడ డిప్లొమా చదివిన తమిళావిడ, పెద్దగా మాట్లాడేది కాదు. నా చున్నీ వెనక్కి లాగి ముడేసి, మణికట్టు పట్టుకుని డీసీ మోటారు స్టార్టర్, అంటే మోటారును మెల్లగా మొదలుపెట్టే పెట్టె, దాని ముందు నిలబెట్టింది. "పిడి, పిడి" అంది. తమిళంలో పట్టుకో అని. నేను మన పిడి అనుకున్నాను, ఎదురుగా ఉన్నదీ పిడే కదా! ఎలాగైతేనేం, పట్టుకున్నాను.

ఆ పిడిని వరసగా ఉన్న ఒక్కో స్టడ్, అంటే లోహపు బొడిపె, మీదికి నిదానంగా జరపాలి. జరిపేకొద్దీ మోటారుకు అడ్డున్న రెసిస్టెన్స్ కొంచెం కొంచెం తప్పుకుంటుంది. తొందరపడి తోసేస్తే కరెంటు ఒక్కసారిగా ఎగదన్ని ఫ్యూజు పోతుంది. వెనక స్ప్రింగు లాగుతూ ఉంటుంది కాబట్టి బలంగా పట్టుకోవాలి, కానీ నెమ్మదిగా. నా అరచేతికి చెమట పట్టేసింది. రెండో స్టడ్, మూడో స్టడ్... మోటారు మూలిగినట్టు మొదలై గొంతు పెంచుతోంది. చివరికి వెళ్ళేసరికి అక్కడి అయస్కాంతం పిడిని టక్కున పట్టేసుకుంది. చెయ్యి తీసెయ్యమని అక్క సైగ చేసినా తీయబుద్ధి కాలేదు. ఆవిడ వెళ్ళి మెయిన్ ఆపేసింది. పిడి ఠాప్‌మని వెనక్కి కొట్టుకుంది. "ఇన్నొరు వాటి" అంది, అంటే ఇంకోసారి. నాలుగుసార్లు చేయించింది.

దానికి ఫలితం ఏమిటంటే, ఆరున్నరకు మూసే హాస్టల్ గేటు దగ్గరికి ఆరు నలభైకి చేరాం. వార్డెన్ రిజిస్టర్‌లో మా పేర్లు ఎక్కించి ఇంటికి ఫోన్ చేసింది. అబ్బాయిల హాస్టల్ గేటు పదింటిదాకా తెరిచే ఉండేది. మన దేశంలో ఎంతమంది శాస్త్రవేత్తల్ని ఆ ఆరున్నర గేటు మింగేసిందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. లెక్క లేకపోయినా నాకు తెలుసు.

అందుకే లలితగారి కథలో నేను చూసేది ఆవిడ పట్టుదల కాదు, ఏర్పాట్లు. ఆవిడ హాస్టల్‌లో ఉండి చదువుతుంటే పాపను పుట్టింటివాళ్ళే చూసుకున్నారు. తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్, సిమ్లా, 1948 నుంచి కలకత్తాలో ఉద్యోగం. భాక్రా నంగల్ డ్యామ్ పనుల్లో కూడా ఆవిడ చెయ్యి ఉంది. కలకత్తానే ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడ అన్నదమ్ముల్లో ఒకరి ఇల్లు ఉండటం. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకీ వెళ్ళారు. పేపర్లవాళ్ళు 'దీక్ష' అని నాలుగు పేరాలు రాస్తారు, పాప ఎవరి ఒళ్ళో పెరిగిందో ఒక్క లైను.

పట్టుదలే చాలంటే భౌతిక శాస్త్రవేత్త అన్నా మణి సంగతేమిటి? బెంగళూరులో సీవీ రామన్ ల్యాబ్‌లో వజ్రాల మీద, కెంపుల మీద పనిచేసి ఐదు పరిశోధన పేపర్లు రాసి, థీసిస్ కూడా ఇచ్చారు. ఎమ్మెస్సీ లేదని పీహెచ్‌డీ ఇవ్వలేదు. ఆవిడేమో తర్వాత మన వాతావరణ శాఖ పరికరాలన్నింటినీ ఒక దారిలో పెట్టారు! మా ఆఫీసులో మార్చి 8న గులాబీ పువ్విచ్చి ముగ్గుల పోటీ పెడతారు, జడ్జీలు ఇద్దరూ మగవాళ్ళే. అన్నా మణి పేరు అక్కడ ఎవరికీ తెలీదు.

మీరు ప్రొఫెసర్ కానక్కర్లేదు సార్. ఇంట్లో ఈసారి ఫ్యూజు పోతే మెయిన్ ఆపి, పక్కన నిలబడి, మీ అమ్మాయిచేత వేయించండి. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుతో పాటు హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో కూడా కనుక్కోండి.

ఇదంతా చెన్నై అంబత్తూరులో మా ట్రాన్స్‌ఫార్మర్ టెస్టింగ్ షెడ్‌లో కూర్చుని రాస్తున్నాను. హీట్ రన్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కుతుందో చూసే పరీక్ష, నడుస్తోంది, ఇంకో నాలుగైదు గంటలు పడుతుంది. మా అబ్బాయికి అత్తయ్య అన్నం పెట్టేశారు. ఇప్పుడూ రీడింగ్సే రాసుకుంటున్నాను, కాకపోతే కనెక్షన్లు ఇచ్చింది నేనే. తొమ్మిదింటి రీడింగ్ టైమయింది, మిగతాది తర్వాత అడగండి.