ల్యాండింగ్‌కు ముందే రిజిస్టర్ పెళ్లి: కెనడాలోని భర్త నన్ను స్పాన్సర్ చేయవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నా భర్త ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (నైపుణ్యం ఉన్న ఉద్యోగుల ఎంపిక విధానం) కింద కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాస హోదాకు) దరఖాస్తు చేసుకోగా 2024 ఏప్రిల్‌లో వీసా వచ్చింది. అప్పటికే మా సంబంధం ఖాయమైంది. మూఢం వల్ల ముహూర్తాలు లేకపోవడంతో, ఆయన జూన్‌లోనే వెళ్లాల్సి ఉండడంతో, పెద్దలు మే నెలలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో మా పెళ్లి రిజిస్టర్ చేయించారు. టొరంటోలో దిగినప్పుడు అధికారి అడిగితే ఆయన తనకు పెళ్లి కాలేదని చెప్పారు. డిసెంబరులో వచ్చి బంధువులందరి ఎదుట పెళ్లి చేసుకుని వెళ్లారు. ఇప్పుడు బ్రాంప్టన్‌లో ఉద్యోగం చేస్తూ నన్ను స్పాన్సర్ చేయాలనుకుంటున్నారు. ఇక్కడి కన్సల్టెన్సీ వారేమో మే నెల సర్టిఫికెట్ ఊసెత్తకుండా డిసెంబరు తేదీతో కొత్తది తీసుకోమంటున్నారు. అలా చేయవచ్చా? ఆయన జీతం సరిపోతుందా? తిరస్కరిస్తే అప్పీలు ఉంటుందా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందుగా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. కొత్త తేదీతో మరో సర్టిఫికెట్ తీసుకునే ఆలోచన పూర్తిగా మానుకోండి. విమానాశ్రయంలో మీ భర్త చెప్పిన మాటకు ఏదో ఒక వివరణ ఇచ్చుకోవడానికి ఇంకా వీలుంది. మీరిద్దరూ కలిసి, తెలిసి, ఒక రికార్డును దాచి మరొక రికార్డు పుట్టిస్తే దానికి ఏ వివరణా నిలవదు. పైగా ఇప్పటివరకు ఏ తప్పూ చేయని మీరు కూడా తప్పుడు సమాచారం ఇచ్చిన వ్యక్తిగా కెనడా రికార్డుల్లోకి ఎక్కుతారు.

ఈ కొద్ది వారాల తేడా ఎందుకంత ముఖ్యమో వివరిస్తాను. కెనడాలో 2002 నుంచి అమల్లో ఉన్న వలస, శరణార్థుల రక్షణ నిబంధనల్లో 117(9)(డి) అనే నిబంధన ఉంది. ఒక వ్యక్తి తాను పీఆర్ పొందే సమయానికే ఉన్న భార్యను గాని, భర్తను గాని, పిల్లలను గాని అధికారుల దృష్టికి తేకుండా, వారి వైద్య, నేర చరిత్ర పరీక్షలు జరగకుండా పీఆర్ తీసుకుంటే, ఆ కుటుంబ సభ్యులను తర్వాత ఫ్యామిలీ క్లాస్ (కుటుంబ సభ్యుల వలస విభాగం) కింద స్పాన్సర్ చేసే హక్కు కోల్పోతాడని దాని సారాంశం. దరఖాస్తు పెట్టిన నాటికి తాను అవివాహితుడనే కదా అని మీ భర్త అనుకోవచ్చు. కాని దరఖాస్తు సమయమంటే అది దాఖలైన రోజు మాత్రమే కాదని, పీఆర్ హోదా చేతికి వచ్చే క్షణం వరకూ సాగే కాలమంతా అని ఫెడరల్ అప్పీల్ కోర్టు 2006లో డెలా ఫ్వెంటే కేసులో తేల్చింది. వీసా చేతికొచ్చాక పెళ్లయినా, కెనడాలో దిగేటప్పుడు ఆ సంగతి అధికారికి చెప్పి తీరాలని 51వ నిబంధన విడిగా చెబుతోంది. అందుకే ఏప్రిల్‌లో వీసా, మేలో రిజిస్ట్రేషన్, జూన్‌లో ల్యాండింగ్ అన్న మీ వరుస ఇబ్బందికరమైనది. ఈ నిషేధానికి కాలపరిమితి కూడా లేదు. మీ భర్త రేపు కెనడా పౌరుడైనా అది తొలగిపోదు.

అయితే ఇక్కడ ఒక మౌలికమైన ప్రశ్న మిగిలే ఉంది. మే నెలలో మీకు నిజంగా పెళ్లి జరిగిందా? సర్టిఫికెట్ ఉంది గనుక జరిగినట్లేనని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. కెనడా నిబంధనల ప్రకారం వివాహం అది జరిగిన దేశపు చట్టం రీత్యానూ, కెనడా చట్టం రీత్యానూ చెల్లుబాటు కావాలి. కాబట్టి ముందుగా మన చట్టం చూడాలి. మీ రిజిస్ట్రేషన్ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద, అంటే నోటీసు ఇచ్చి, ముప్పై రోజులు ఆగి, మ్యారేజ్ ఆఫీసర్ ఎదుట సాక్షులతో ప్రమాణం చేసి సంతకాలు పెట్టిన పద్ధతిలో జరిగి ఉంటే, ఆ రోజే మీరు భార్యాభర్తలయ్యారు, అందులో సందేహానికి తావు లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద జరిగి ఉంటే పరిస్థితి వేరు. ఆ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారాన్నైనా అనుసరించి కర్మకాండ జరిగినప్పుడే వివాహం ఏర్పడుతుంది. 8వ సెక్షన్ కింద చేసే రిజిస్ట్రేషన్ అలా అప్పటికే జరిగిన వివాహానికి రుజువు మాత్రమే. ఏ కర్మకాండా లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుంటే అది హిందూ వివాహం కాదని 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు, జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం, స్పష్టంగా చెప్పింది. వీసా వంటి అవసరాల కోసం పెళ్లి తంతు కంటే ముందే రిజిస్ట్రేషన్ చేయించుకునే అలవాటును కూడా ఆ తీర్పు గట్టిగా తప్పుపట్టింది.

దీనిని చదివి వెంటనే ఊరట పడవద్దని మనవి. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించినప్పుడు ఫలానా తేదీన, ఫలానా చోట మా వివాహం జరిగిందని మీరిద్దరూ రాసి సంతకం చేసి ఉంటారు. సబ్‌రిజిస్ట్రార్ ఫొటో అడుగుతారని ముందు రోజు గుడిలో దండలు మార్చుకుని, తాళి కట్టించే ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. మీ విషయంలోనూ అలా జరిగి, మీ ఆచారంలో పెళ్లికి కావలసిన తంతు అదే అయితే, మే నెలలోనే పెళ్లి జరిగినట్లు తేలే అవకాశం ఎక్కువ. అసలు ఏ తంతూ లేకుండా కార్యాలయంలో సంతకాలు మాత్రమే పెట్టారంటే, మీరు సంతకం చేసిన కాగితానికి విరుద్ధంగా ఇప్పుడు మాట్లాడవలసి వస్తుంది; అది అసాధ్యం కాదు గాని దానికి గట్టి ఆధారాలు కావాలి. కాబట్టి మొదట రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన దరఖాస్తుకు, జత చేసిన ఫొటోలకు, శుభలేఖకు సర్టిఫైడ్ నకళ్లు ఆ కార్యాలయం నుంచి తీసుకోండి. వాటిని చూడకుండా ఏ న్యాయవాదీ, నేనైనా సరే, మీకు ఖచ్చితమైన మాట చెప్పలేరు.

ఆ రోజు ఏ తంతూ జరగలేదని తేలితే, మే సర్టిఫికెట్, డిసెంబరు పెళ్లి ఆధారాలు రెండూ దరఖాస్తుతో జతపరిచి, ఏది ఎందుకు జరిగిందో ఒక అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాసి, డిసెంబరులోనే చట్టరీత్యా వివాహం జరిగిందని వాదించవచ్చు. అవసరమనిపిస్తే వివాహం చెల్లుబాటుపై ఫ్యామిలీ కోర్టు నుంచి డిక్లరేషన్ కోరవచ్చు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలోని 7వ సెక్షన్ ఆ కోర్టుకు అటువంటి అధికారం ఇచ్చింది. ఇక్కడ అడిగేది డిసెంబరు తేదీనే అయినా కన్సల్టెన్సీ చెప్పిన దానికీ దీనికీ పోలిక లేదు, ఎందుకంటే ఇందులో మే నెల కాగితం అధికారి కళ్లెదుటే ఉంటుంది.

మే నెలలోనే పెళ్లి జరిగిందని తేలితే 117(9)(డి) వర్తిస్తుంది. ఇటువంటి వారికోసం 2019 సెప్టెంబరులో కెనడా ఒక సడలింపు తెచ్చిందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది నిజమే. అయితే అది శరణార్థులుగా వచ్చినవారికి, తాము స్వయంగా భార్య, భర్త లేదా సంతానం హోదాలో స్పాన్సర్ అయి వచ్చినవారికి ఉద్దేశించినది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వెళ్లిన మీ భర్తకు పనికిరాదు. మీకు మిగిలేది వలస చట్టం 25వ సెక్షన్ కింద మానవతా కారణాలపై మినహాయింపు. దానిని స్పాన్సర్‌షిప్ దరఖాస్తుతో పాటే, విడి లేఖలో, స్పష్టంగా అడగాలి. అడగకపోతే అధికారి తనంత తానుగా ఇవ్వాలన్న నియమం లేదు. 2015లో కాంతసామి కేసులో కెనడా సుప్రీంకోర్టు ఈ కారణాలను ముక్కలు ముక్కలుగా కాక మొత్తంగా, సానుభూతితో తూచాలని చెప్పింది. కాబట్టి దాపరికం ఎలా జరిగింది, దానివల్ల మీ భర్తకు అదనపు లాభమేమైనా కలిగిందా, విడిగా ఉండడం వల్ల మీకు కలుగుతున్న కష్టమేమిటి, పిల్లలు ఉంటే వారి మేలు ఎక్కడుంది అన్నవన్నీ ఆధారాలతో చూపాలి. ఇందులో విజయం ఖాయమని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మీ భర్త సొంత హోదా సంగతి. ఉద్దేశపూర్వకంగానో, పొరపాటుగానో ముఖ్యమైన వాస్తవం దాచినవారిపై 40వ సెక్షన్ కింద చర్య తీసుకునే అధికారం కెనడాకు ఉంది. అది రుజువైతే పీఆర్ పోవచ్చు, ఐదేళ్ల నిషేధం పడవచ్చు. మీ స్పాన్సర్‌షిప్ దరఖాస్తే ఆ ఫైలును తెరిపించే అవకాశం ఉంది గనుక, ఒక్క ఫారం నింపకముందే ఆయన తాను ఉంటున్న అంటారియో ప్రావిన్సులో వలస కేసులు చూసే న్యాయవాదిని కలిసి ఆ ప్రమాదం ఎంత, దానిని ఎలా ఎదుర్కోవాలి అన్నది రాతపూర్వక సలహాగా తీసుకోవాలి. భయపడి ఇప్పుడు దాచి, రేపు పౌరసత్వం తీసుకుంటే సమస్య తీరుతుందనుకోవడం సరికాదు. అబద్ధంతో పొందిన పౌరసత్వాన్ని కూడా రద్దు చేసే అధికారం అక్కడి చట్టంలో ఉంది.

కాగితం మీద విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోమని సలహా ఇచ్చేవారు కూడా ఎదురవుతారు. వలస ప్రయోజనం కోసం బంధం తెంచుకుని మళ్లీ కలిసినవారిని భార్యాభర్తలుగా పరిగణించరాదని 4.1 నిబంధన చెబుతోంది. మీ వివాహానికి తీరని హాని చేసే ఆ దారి తొక్కవద్దు.

జీతం గురించి ఆందోళన అక్కర్లేదు. తల్లిదండ్రులను స్పాన్సర్ చేసేటప్పుడు ఉండే కనీస ఆదాయ నియమం భార్యకు సాధారణంగా లేదు. ఆయన అంగవైకల్యం కాని కారణంతో ప్రభుత్వ సహాయ భత్యం తీసుకుంటూ ఉండకూడదు, దివాలా నుంచి విముక్తి పొందని స్థితిలో ఉండకూడదు. మీకు పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లపాటు మీ పోషణ బాధ్యత తనదేనని హామీపత్రం ఇవ్వాలి. మధ్యలో మీరు విడిపోయినా ఆ హామీ రద్దు కాదు.

తిరస్కరణ వస్తే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు స్పాన్సర్‌గా మీ భర్తకు ఉంటుంది. అయితే 65వ సెక్షన్ ప్రకారం మీరు ఫ్యామిలీ క్లాస్ పరిధిలోకి వస్తారని తేలితే తప్ప ఆ ట్రిబ్యునల్ మానవతా కారణాలను పరిశీలించలేదు. మే నెలలో పెళ్లి కాలేదన్న వాదన అక్కడ వినిపించవచ్చు, కష్టసుఖాలు చెప్పుకోవడం కుదరదు. కనుక మొదటి దరఖాస్తులోనే అన్నీ పెట్టాలన్న నా మాటను తేలికగా తీసుకోకండి.

మీకు సలహా ఇచ్చిన కన్సల్టెన్సీ విషయంలోనూ ఒకటి గమనించండి. డబ్బు తీసుకుని కెనడా వలస దరఖాస్తుల్లో సలహా ఇవ్వాలన్నా, ప్రాతినిధ్యం వహించాలన్నా అక్కడి లా సొసైటీ సభ్యులైన న్యాయవాదులు, క్విబెక్ నోటరీలు, కెనడా కన్సల్టెంట్ల కాలేజీలో (వలస కన్సల్టెంట్లకు లైసెన్సులిచ్చే నియంత్రణ సంస్థలో) లైసెన్సు ఉన్నవారు వంటి అర్హులే చేయాలని 91వ సెక్షన్ నిర్దేశిస్తోంది. లైసెన్సు నంబరు అడగండి, ఆ కాలేజీ జాబితాలో సరిచూడండి. వారు ఏమి రాసినా సంతకం మీది, బాధ్యత మీది.

చివరిగా, 117(9)(డి) మూసేది ఫ్యామిలీ క్లాస్ తలుపు ఒక్కటే. మీ చదువు, ఉద్యోగానుభవం, ఇంగ్లిష్ పరీక్ష మార్కులు సరిపోతే మీరు మీ పేరుతోనే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి గాని, స్టడీ పర్మిట్‌కు గాని దరఖాస్తు చేసుకోవచ్చు. ఈలోగా విజిటర్ వీసా కూడా అడగవచ్చు. శాశ్వతంగా స్థిరపడాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలిక వీసా నిరాకరించరాదని 22(2) సెక్షన్ అంటోంది, అయితే గడువు ముగిశాక తిరిగి వస్తారని మీరు నమ్మించగలగాలి. ఇవన్నీ చేసే ముందు మీరు గాని, మీ భర్త గాని 2024 మే తర్వాత పాస్‌పోర్టు, బ్యాంకు, బీమా, పన్ను పత్రాల్లో వైవాహిక స్థితి గడిలో ఏమి రాశారో ఒక్కొక్కటిగా సరిచూసుకుని, ఆ నకళ్లన్నీ అంటారియో న్యాయవాదికి మొదటి సమావేశంలోనే అందజేయండి.